పికప్ ఎత్తు పెంచాలనుకుంటున్నారా? వానలకు ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ దాటిందంటే అనంతపురంలో పికప్ ఉన్నవాళ్ళు నలుగురు కలిస్తే మాట ఒక్కచోటికే వస్తుంది. వానలు పడేలోగా లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు లేపే స్ప్రింగులు, షాకులు) వేయించాలా, రెండంగుళాలా మూడా, టైర్లు ఏ సైజు వేయాలి? మా జిల్లాలో వాన తక్కువే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కానీ పడితే ఒక్కసారిగా పడుతుంది. ఎర్రనేల దారి కోసుకుపోతుంది. ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగడిలో అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది. అందుకే బండి కాస్త ఎత్తుగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ వేయించుకున్నాను.

అయితే నేను అదే బండిలో మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తాను, పిల్లలను బడిలో దింపుతాను, చేనుకు ఎరువు మూటలు తోలుతాను. ఒక్కడే సరదాగా నడుపుకునే బండి లెక్క వేరు, ఇంటిల్లిపాదీ ఎక్కే బండి లెక్క వేరు. ఇక్కడ రాసేదంతా ఆ రెండో బండి గురించే.

ముందు తేదీ ఖాయం చేసుకోండి. రోహిణి కార్తె వచ్చేలోగా కిట్ పని అయిపోవాలి. రోళ్ళు పగిలే ఎండ అంటాం గానీ, ఆ రెండు వారాలు పొడి రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు తిరగడానికి మంచి సమయం. కొత్త బుష్‌లు (జాయింట్లలో ఉండే రబ్బరు ముక్కలు), కమాన్లు (పట్టీలు పేర్చిన స్ప్రింగులు) సర్దుకుంటాయి. బోల్టులు మళ్ళీ బిగించుకోవచ్చు, అలైన్‌మెంట్ రెండోసారి చూపించుకోవచ్చు. మృగశిరలో మొదటి వాన పడే రోజుకి కొత్త బండి నడక మీ చేతికి అలవాటై ఉండాలి. తడి రోడ్డు మీద నేర్చుకుందామనుకోవద్దు.

ఎత్తు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు

ఈ విషయం తెలియకుండానే చాలామంది డబ్బు పెడుతున్నారు. ఇసుజు వీ-క్రాస్ గానీ టయోటా హైలక్స్ గానీ, ఈ పికప్‌లలో ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు, వెనక గట్టి ఇరుసు మీద కమాన్ కట్టలు. కిట్ వేస్తే బాడీ, చాసిస్ పైకి లేస్తాయి. వెనక ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు (చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) నేలకు ఎంత దూరంలో ఉండేదో అంతే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. అదీ టైరు పెరిగినదాంట్లో సగమే లేస్తుంది.

చేను దారుల్లో ట్రాక్టర్ చక్రాలు రెండు పక్కలా గాడి తీసి, నడుమ గడ్డ నిలబెడతాయి. ఆ గడ్డకు మొదట తగిలేది ఆ డిఫరెన్షియలే. మీ ఇబ్బంది అదే అయితే నాలుగంగుళాల కిట్ వేసినా తీరదు. వంక గట్టు దిగేటప్పుడు ముందు బంపర్ గీసుకోవడం, బండల దారిలో పొట్ట తగలడం మీ ఇబ్బంది అయితే రెండంగుళాలు నిజంగా పనికొస్తాయి. కిట్ కొనే ముందు ఒకసారి బండి కిందికి దూరి, ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో చూడండి. మీకు ఏం కావాలో ఆ గీతలే చెబుతాయి.

ఇంటి బండికి రెండంగుళాలు, అంటే ఇంచుమించు మూడు వేళ్ళ మందం, చాలు. అది దాటితే ఖర్చుతో పాటు తలనొప్పీ పెరుగుతుంది. ముందు ఇరుసు కడ్డీల వంపు పెరిగి సీవీ జాయింట్‌ను కప్పే రబ్బరు బూట్ చిరుగుతుంది, లోపలి గ్రీజు చక్రం వెనకంతా చిమ్ముతుంది. చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఆర్మ్ బాల్ జాయింట్ తన హద్దు దాకా వెళ్తుంది, అప్పుడు ఆర్మ్‌లే మార్చాల్సి వస్తుంది. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. హైవే మీద బండి ఒక గీతలో నిలవదు, గంటసేపు నడిపితే చేతులు లాగుతాయి. షాక్ పైన స్పేసర్ పెట్టి చవకలో ఎత్తు లేపేవాళ్ళు ఉన్నారు. కొలిచి చూస్తే ఎత్తు ఉంటుంది, కానీ చక్రం గుంతలో దిగినప్పుడు జాయింట్లన్నీ హద్దు మీరి సాగుతాయి. వెనక కమాను కింద ఒక దిమ్మె మీద ఇంకో దిమ్మె పెడతామంటే మాత్రం అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

గుత్తి రోడ్డులో లారీల కమాన్ కట్టలు చేసే ఒక పెద్దాయన నాతో అన్న మాట: "అందరూ ఎంత ఎత్తు అని అడుగుతారు గానీ, ఎంత బరువు వేస్తావని ఒక్కరూ అడగరు గదప్పా." కమాన్లు బరువును బట్టి దొరుకుతాయి. ఎప్పుడూ మూడు వందల కిలోలు వేసి తిరిగే బండికి చేసిన కట్ట ఖాళీ బండికి వేస్తే, వెనక సీట్లో పిల్లలు ప్రతి గతుకుకీ ఎగిరిపడతారు. తడి మలుపులో వెనక చక్రం రోడ్డును వదిలేస్తుంది కూడా. కాబట్టి నెలలో ఎన్ని రోజులు బరువు వేస్తారో, ఎన్ని రోజులు ఖాళీగా తిరుగుతారో నిజం చెప్పి కట్ట ఎంచుకోండి. మాకు నెలకు రెండు మూడుసార్లే మూటలు. అందుకే మెత్తటిది తీసుకున్నాం.

టైర్లు

టైరు పక్కన 245/70 ఆర్16 అని ఉంటే, వెడల్పు 245 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 16 అంగుళాలు అని అర్థం. నిలువు కొలత 749 మిల్లీమీటర్లు వస్తుంది. దాని బదులు 265/70 వేస్తే 777, 265/75 వేస్తే 804. 265/75తో బండి 27 మిల్లీమీటర్లు లేస్తుంది, కానీ స్పీడోమీటర్ ఏడు శాతం తక్కువ చూపిస్తుంది. మీటర్లో 80 కనిపిస్తే మీరు వెళ్తున్నది దాదాపు 86. 44వ నంబర్ హైవే మీద స్పీడ్ గన్‌కు పట్టుబడటం ఒక్కటే కాదు, బ్రేకు పడే దూరం కూడా ఆ 86కే లెక్క. మైలేజీ పడిపోతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు దించాల్సి వస్తుంది. 265/70తో తేడా నాలుగు శాతం లోపే. ఇంటి బండికి నేను అక్కడే ఆగమంటాను.

సైజు ఎంతైనా లోడ్ ఇండెక్స్ మాత్రం కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. 109 అంటే ఒక్కో టైరు 1030 కిలోలు మోస్తుంది, 112 అంటే 1120. కనిపించడానికి బలంగా ఉండే టైరు మీద కూడా ఈ అంకె తక్కువ ఉండొచ్చు, కాబట్టి చదివి కొనండి. పక్కనే నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. మన ఎండలకు షెడ్డులో ఏళ్ళ తరబడి పడున్న టైరు కొత్తదే అయినా వద్దు.

మడ్ టైర్లా, ఆల్ టెర్రైన్ టైర్లా అని అడుగుతారు. నల్లరేగడిలో మడ్ టైరే మేలు, ఒప్పుకుంటాను, మట్టిని విదిలించుకుంటుంది. కానీ మీరు ఏడాదిలో నల్లరేగడి బురదలో తిరిగేది ఎన్ని రోజులు? మిగతా రోజులన్నీ తారు రోడ్డే. తడి తారు మీద మడ్ టైరుకు పట్టు తక్కువ, బ్రేకు వేస్తే దూరం వెళ్ళి ఆగుతుంది, బెంగళూరు దాకా హోరు. ఆల్ టెర్రైన్ తీసుకుని, పక్క గోడ గట్టిగా ఉన్నది చూడండి. మన పొలాల గట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు ఎక్కువగా గుచ్చుకునేది పక్క గోడకే. అక్కడ పంక్చర్ పడితే అతుకు నిలవదు.

పెద్ద టైరు వేశాక స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూస్తే సరిపోదు. ఇంటివాళ్ళందరినీ ఎక్కించి, ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి, అప్పుడు తిప్పి చూడండి. మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు, టైరుకు మధ్య రెండు వేళ్ళయినా దూరాలి. పొడిలో తగలని టైరు రేగడిలో తగులుతుంది. బంక మట్టి మడ్‌గార్డ్ లోపల పొరలు పొరలుగా పేరుకుని, చివరికి చక్రం తిరగనంతగా బిగుసుకుంటుంది.

స్టెప్నీ కూడా అదే సైజు కొనండి. చాసిస్ కింద దాని చోట్లో పడుతుందో లేదో షాపులోనే పెట్టించి చూడండి. నాలుగు చక్రాలు ఒక సైజు, స్టెప్నీ ఒక సైజు అయితే ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ శక్తి) వేసిన రోజు భారం గేర్ల మీద పడుతుంది.

రిమ్‌లు, నట్లు

వీ-క్రాస్‌కు, హైలక్స్‌కు ఆరు బోల్టులే, 139.7 మిల్లీమీటర్ల వలయమే. అందుకని ఒకదాని రిమ్ ఇంకోదానికి వేసేయొచ్చని అనుకోవద్దు. నడిమి రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి, నట్ల ఆకారం రిమ్ గుంతకు సరిపోవాలి. ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీతకు, హబ్‌కు ఆనే చోటుకు మధ్య దూరం) మరీ తగ్గిస్తే చక్రం బయటికి వస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ, బేరింగ్ మీద భారం పెరుగుతుంది, బురద డోర్ల మీదికి ఎగురుతుంది. వీల్ స్పేసర్లు అసలే వద్దు.

ఇది నా అనుభవంలో నుంచి చెబుతున్నాను. బెంగళూరులో ఒక షాపులో రిమ్‌లు మార్పించుకుని సాయంత్రం బయలుదేరాం. బాగేపల్లి దాటాక స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. కొత్త టైర్లు కదా, బ్యాలెన్సింగ్ సరిగా చేయలేదేమో అనుకున్నాను. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఫోన్ లైటు వేసి ఎడమ ముందు చక్రం చూశాను. ఆరు నట్లలో రెండు వేళ్ళతో తిరిగాయి. ఇంకొకటి సగం బయటికి వచ్చి ఉంది, దాని చుట్టూ రిమ్ రంగు లేచిపోయి అల్యూమినియం పొడి మెరుస్తోంది. వెనక సీట్లో చిన్నమ్మాయి వాళ్ళ అమ్మ ఒడిలో నిద్రపోతోంది. పాత స్టీల్ రిమ్ నట్లనే అల్లాయ్‌కి వేసి పంపించారు. అవి పట్టవు. అక్కడే టార్చి వెలుగులో బిగించుకుని, అనంతపురం దాకా నలభై దాటకుండా వచ్చాం. మర్నాడు నట్లన్నీ కొత్తవి వేయించాను.

అప్పటి నుంచి నట్లు బిగించాక ప్రతి నట్ మీద, రిమ్ మీద కలిసేలా ఒక పెయింట్ గీత గీస్తున్నాను. గీత విడిపోతే నట్ కదిలినట్టే. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో చూపే స్పానర్) చూడాలి. కమాను యు బోల్టులకూ ఇదే పద్ధతి. గాలి గన్‌తో బిగించాం, ఇంక చూడక్కర్లేదంటే వినొద్దు.

బ్రేకు, లైటు, మెట్టు

ఎత్తు పెరిగాక బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం వేలాడినప్పుడు లాగకుండా ఉన్నాయో లేదో జాకీ మీద చూడాలి. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకు, చాసిస్‌కు మధ్య ఒక కడ్డీ ఉంటుంది. బరువును బట్టి వెనక బ్రేకు ఎంత పడాలో అది చెబుతుంది. వెనక ఎత్తితే, బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. దానికి తగ్గ బ్రాకెట్ వేయాల్సిందే.

హెడ్‌లైట్లకు సులువైన పద్ధతి ఒకటుంది. కిట్ వేయించే ముందు రాత్రి బండిని గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలిపి, డిమ్ లైటు పై అంచు దగ్గర సుద్దతో గీత గీయండి. వేయించాక అదే చోట నిలిపి లైటును పాత గీతకు దించుకోండి. గువ్వలచెరువు ఘాట్‌లో ఎదురుగా బరువుతో దిగే లారీ డ్రైవర్ కళ్ళలో మీ లైటు పడితే నష్టం మీకే. ఆ ఘాట్‌లో మలుపులు ఇదివరకటి వేగంతో తిప్పకండి. బరువు పైకి జరిగింది కాబట్టి బండి ఎక్కువ ఒరుగుతుంది. వెనక తొట్టిలో మనుషులను ఎక్కించుకుని జాతరకు పోయే అలవాటుంటే ఇంతటితో ఆపేయండి.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు ఆ మూడు వేళ్ళ ఎత్తు కూడా ఎక్కువే. పక్క మెట్టు, లోపల పట్టుకునే పిడి కిట్‌తో పాటే వేయించండి. మా అమ్మ పాత మెట్టు మీద రెండుసార్లు కాలు జారాక గానీ నాకు తట్టలేదు.

కాగితాల సంగతి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ రోజు గొడవ పడాల్సి వస్తుంది.

వంక దగ్గర

నాకు అన్నిటికంటే భయం ఇదే. బండి ఎత్తు పెరిగాక మనిషికి లేని ధైర్యం వస్తుంది. రెండంగుళాల కిట్ మీ ఇంజన్ గాలి పీల్చే చోటును ఐదు సెంటీమీటర్లే లేపుతుంది. పారే నీళ్ళు రెండడుగులు ఉంటే పికప్‌ను కూడా తోసుకుపోతాయి. పెద్ద టైర్లలో గాలి ఎక్కువ కాబట్టి బండి ఇంకా తొందరగా తేలుతుంది. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో నడిమి వంక పొంగి అనంతపురం కాలనీలే మునిగాయి. మన దగ్గర పైన వాన పడితే కింద ఎండలో ఉన్న వంక కూడా పొంగుతుంది. కాజ్‌వే మీద నీళ్ళు కదులుతూ, కింద రోడ్డు కనపడకపోతే దిగొద్దు. ముందు వెళ్ళిన ట్రాక్టర్‌ను చూసి అసలే దిగొద్దు.

ఒకసారి రాత్రి పదింటికి మా ఊరి దారిలో వంక పొంగి ఉంది. నీళ్ళు మోకాలి లోతే అన్నారు అక్కడ నిలబడ్డవాళ్ళు. నా బండిని చూసి, "నీదానికేం అన్నా, దాటిపో" అన్నారు కూడా. వెనక్కి తిప్పి, రోడ్డు పక్క మిట్ట మీద ఆపి, పిల్లలను సీట్లోనే పడుకోబెట్టి తెల్లవారేదాకా ఉన్నాం. ఐదున్నరకు నీళ్ళు తగ్గాయి. కాజ్‌వే కుడి పక్క రెండు గజాల మేర సిమెంటు దిమ్మె లేదు. అది పూడ్చేదాకా నెలరోజులు చుట్టు దారిలో తిరిగాం.