ఆటిజం ఉన్న బిడ్డకి శ్రీకాకుళం, విజయనగరంలో అండ ఎక్కడుంది, ఎలా అందుకోవాలి

పిలిస్తే పలకట్లేదు, మాట రావట్లేదు అన్న అనుమానం రాగానే మన వైపు చాలామంది నేరుగా విశాఖ బస్సెక్కుతారు. శ్రీకాకుళం నుంచి నూట పది కిలోమీటర్లు, ఇచ్ఛాపురం వాళ్లకి దానికి రెట్టింపు. వారానికి రెండు థెరపీలంటే రెండు రోజుల కూలి పోతుంది, ఛార్జీలు నెత్తిన పడతాయి. కొన్ని నెలలకే చేతులెత్తేస్తారు. ఆటిజం ఒక కోర్సు మందుతో తగ్గే జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా, జీవితాంతం ఉంటుంది. దానికి కావాల్సిన సాయం రోజూ, ఏళ్ల తరబడి అందాలి. అందుకే పునాది మీ మండలంలో వేసుకోండి. విశాఖని పరీక్షలకి, మీరు నేర్చుకోవడానికి వాడుకోండి.

మొదటి అడుగు అంగన్‌వాడీలోనే

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకి కూడా వేలు చూపించి అడగకపోవడం, రెండేళ్లకి రెండు మాటలు కలిపి అనకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. "మగపిల్లలకి మాట లేటే, వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే వచ్చింది" అని ఇంట్లో పెద్దలు అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట మీదే రెండేళ్లు గడిచిపోతాయి.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఉన్న ఆర్బీఎస్కే పథకం కింద వైద్య బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఒకసారి రావాలి. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచర్ని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగి, ఆ రోజు బిడ్డతో పాటు మీరూ అక్కడ ఉండండి. తల్లి పక్కన లేకపోతే ఎత్తు, బరువు చూసి పంపేస్తారు. అనుమానం ఉన్న పిల్లల్ని ఆ బృందం జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి రాసివ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎంచాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది. అది నిర్ధారణ కాదు, పరీక్ష అవసరమా కాదా తేల్చే జల్లెడ మాత్రమే.

ఇంకేం చేయకముందు వినికిడి పరీక్ష చేయించండి. నిద్రలో చేసే బెరా పరీక్షకి బిడ్డ సహకారం అక్కర్లేదు. ప్లేటు చప్పుడుకి తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకోవడం పొరపాటు. కొన్ని శబ్దాలు వినిపించి, మాటలోని సన్నని శబ్దాలు వినిపించని పిల్లలూ ఉంటారు.

నిర్ధారణ కాగితం చేతికొచ్చే దాకా ఇంట్లో పని ఆపక్కర్లేదు. ఫోను, టీవీ తగ్గించి, బిడ్డ ఎత్తుకి దిగి ఎదురుగా కూర్చుని ఆడటం, అడగకముందే అన్నీ చేతికివ్వకుండా చూపించి అడిగే అవకాశం ఇవ్వడం ఈ రోజే మొదలుపెట్టొచ్చు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, బయట తెలుగు మాట్లాడే కుటుంబాలకి ఒక మాట. ఇంటి భాష మానేయమని ఎవరు చెప్పినా మానొద్దు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి తనకి బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డకి ఎక్కువ మాట అందుతుంది.

సదరం: తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం, దాంతో పాటు దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ, ఈ రెండూ ఉంటేనే మిగతా తలుపులు తెరుచుకుంటాయి. స్లాట్ మీసేవలో గానీ సచివాలయంలో గానీ బుక్ చేస్తారు. బుక్ చేసేటప్పుడు మీరు స్క్రీన్ వైపు చూడండి. వైకల్యం రకం దగ్గర ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అని ఉండాలి. "మానసిక రుగ్మత" అని నొక్కితే వేరే డాక్టరు దగ్గరికి పంపుతారు, ఆ రోజు వృథా. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. నేషనల్ ట్రస్టు అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పథకాలు ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే. మానసిక రుగ్మత ఆ జాబితాలో లేదు.

బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ జనన ధ్రువపత్రంలోనూ ఒకేలా ఉన్నాయో ముందే చూసుకోండి. అయిదేళ్లు నిండితే ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత కాగితాల్లో శ్రీకాకుళం అని ఉన్నా, మీ పని ఇప్పుడు కొత్త జిల్లా కార్యాలయాల్లోనే జరుగుతుంది. ఇది తెలియక పాత కలెక్టరేట్ చుట్టూ తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆసుపత్రిలో మన దేశంలో తయారైన ఐఎస్‌ఏఏ పట్టికతో అంచనా వేస్తారు. అందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజంగా లెక్కిస్తారు. చాలా ప్రశ్నలకి జవాబు తల్లిదండ్రుల నోటి నుంచే రావాలి. అందుకే ముందు రోజు రాత్రి కూర్చుని రాసుకోండి: నిద్ర, తిండి, శబ్దాలకి ఎలా స్పందిస్తాడు, తోటి పిల్లలతో ఎలా ఉంటాడు, తనని తాను కొట్టుకుంటాడా, దేనికి ఎంత సాయం కావాలి. రెండు మూడు నిమిషాల వీడియోలు నాలుగైదు ఫోన్లో పెట్టుకోండి. తెల్లవారుజామున లేచి బస్సులో వచ్చిన పిల్లాడు డాక్టరు గదిలో నిద్రపోతే, లేదా బుద్ధిగా కూర్చుంటే, ఆ వీడియోలే సాక్ష్యం. బిడ్డ చేయలేనివి చెప్పడానికి సిగ్గుపడి "అన్నీ చేస్తాడండీ" అనే తల్లులు ఉంటారు. ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పడమే బిడ్డకి మేలు.

ధ్రువపత్రం రాగానే దాని మీద గడువు తేదీ చూడండి. చిన్న వయసులో ఇచ్చేవి తాత్కాలికం. గడువుకి మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ కోసం అడగడం మొదలుపెట్టండి.

డబ్బు సాయం

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగ పింఛను నెలకి 6,000 రూపాయలు. ప్రభుత్వం కొత్త దరఖాస్తులు తీసుకున్నప్పుడే అవకాశం కాబట్టి, కాగితాలు సిద్ధంగా ఉంచుకుని సచివాలయంలో సంక్షేమ సహాయకుల్ని కనిపెట్టుకుని ఉండండి. చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లే కుటుంబాలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. యూడీఐడీ ఎక్కడైనా చెల్లుతుంది, పింఛను మాత్రం ఈ రాష్ట్రంలోనే.

నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా గురించి మన వైపు తెలిసినవాళ్లు తక్కువ. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్ష లేకుండా ఇస్తారు. థెరపీ ఖర్చులకి కూడా కొంత పరిమితి మేరకు వర్తిస్తుంది. ట్రస్టులో నమోదైన సంస్థ ద్వారానే చేరాలి. ముందు మీరు ఖర్చు పెట్టుకుని తర్వాత తీసుకునే పద్ధతి కాబట్టి, థెరపీ సెంటర్ ఇచ్చే ప్రతి రసీదు మీద తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. తెల్ల కాగితం మీద రాసిచ్చినవి చెల్లవు. పాలసీ మార్చి 31తో ముగుస్తుంది, అంతకుముందే రెన్యువల్ చేయించండి. ఉద్యోగులు పాత పన్ను విధానంలో ఉంటే 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 దాకా పన్ను లెక్కించే ఆదాయంలో మినహాయింపు ఉంది.

బడి, భవిత

6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఈ పిల్లల హక్కు. "మా బడిలో ఇలాంటి పిల్లల్ని తీసుకోం" అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. చాలాసార్లు అక్కడితోనే స్వరం మారుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ఐఈఆర్పీలు, అంటే వాళ్లకి చదువు చెప్పే ప్రత్యేక టీచర్లు ఉంటారు. బడికి రాలేని పిల్లలకి ఇంటికొచ్చి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. భవిత మీ మండలంలో ఎక్కడుందో, ఫిజియో, స్పీచ్ వాళ్లు ఏ రోజు వస్తారో ఎంఈవో ఆఫీసులో అడగండి. బడి పిల్లల వివరాలుండే యూడైస్ ప్రభుత్వ రికార్డులో మీ బిడ్డ వైకల్యం నమోదైందా లేదా హెడ్‌మాస్టర్ని తప్పకుండా అడగండి. అక్కడ లేకపోతే రవాణా భత్యం, తోడుగా వచ్చేవారి భత్యం, ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున 10 నెలలు ఇచ్చే స్టైపెండ్ ఏవీ రావు.

థెరపిస్టు దగ్గరికి వారానికి ఒకసారే వెళ్లగలిగినా ఫర్వాలేదు. ఒక షరతు పెట్టుకోండి: చివరి పది నిమిషాలు మీరు చేయాలి, థెరపిస్టు చూడాలి. ఇంట్లో రోజూ చేయాల్సిన రెండు పనులు నోటుపుస్తకంలో రాయించుకోండి. పది రాయిస్తే ఒక్కటీ చేయలేరు. స్పీచ్ థెరపిస్టుకీ స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉండాలి, మొహమాటం లేకుండా అడగండి. ఆరు నెలల ప్యాకేజీ ముందే కట్టమన్నా, తల్లిని లోపలికి రానివ్వకపోయినా, పూర్తిగా నయం చేస్తామన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. స్టెమ్ సెల్ చికిత్సకి లక్షలు అడుగుతారు. ఆటిజంలో అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. పొలం అమ్మకండి.

విశాఖ వెళ్తే ఒకే ప్రయాణంలో రెండు మూడు పనులు పెట్టుకోండి. కేజీహెచ్, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, లెబెన్‌షిల్ఫ్ వంటి ప్రత్యేక పాఠశాల అక్కడున్నాయి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ. అక్కడ పూర్తి అంచనాతో పాటు తల్లిదండ్రులకి శిక్షణ కూడా దొరుకుతుంది.

అయిదు కుటుంబాలు చాలు

భవితలో పిల్లలు లోపలుంటే తల్లులు వరండాలో కూర్చుని ఎదురుచూస్తారు. మీ ఊరి సంఘం పుట్టాల్సింది ఆ వరండాలోనే. మగవాళ్లు వలస పోయి ఆడవాళ్లే ఇల్లు నడిపే ఉద్దానం, తీర గ్రామాల్లో ఇది మరీ అవసరం. అయిదు కుటుంబాలు నెలకోసారి, రెండో శనివారం, రెండు గంటలు కలవండి. మొదటి గంట ఎవరికి ఏ ఆఫీసులో ఏ పని అయ్యింది, ఎవరు చేశారు, ఏ కాగితం అడిగారు అన్నది ఒకరు పుస్తకంలో రాయాలి. ఏడాదికి ఆ పుస్తకం జిల్లాలో ఎక్కడా దొరకని సమాచారం అవుతుంది. రెండో గంట ఇద్దరు తల్లులు పిల్లలందర్నీ చూస్తారు, మిగతావాళ్లు ఊరికే కూర్చుంటారు. నెలకి ఆ గంట విశ్రాంతి ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

వాట్సాప్ గ్రూపుకి రెండు కట్టుబాట్లు పెట్టండి: మందుల మోతాదులు చెప్పుకోకూడదు, ఒకరి బిడ్డ ఫోటో, వీడియో అడగకుండా బయటికి పంపకూడదు. గ్రూపులు విడిపోయేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే. ఏడుగురు సభ్యులయ్యాక సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. తల్లిదండ్రుల సంఘాలు నేషనల్ ట్రస్టులో నమోదుకి దరఖాస్తు చేయొచ్చు, ఆమోదం వస్తే నిరామయ పనులకి వేరే ఊరి సంస్థ మీద ఆధారపడక్కర్లేదు. దేశస్థాయిలో ఇలాంటి సంఘాల సమాఖ్య పరివార్ ఉంది. 1991లో మొదలైన ఢిల్లీలోని యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ తల్లిదండ్రులకి శిక్షణ ఇస్తోంది.

బంధువుల సాయం అడిగేటప్పుడు "కాస్త చూసుకోండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. పని పేరు చెప్పి అడగండి. పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లాలనుకుంటే, జనం లేని వీధిలో ఉన్న చుట్టాలింట్లో ఒక గది అడగండి, చెవులకి అడ్డుపెట్టే హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి, పిల్లాడు తట్టుకోలేకపోతే వెంటనే వెనక్కి తీసుకొచ్చే మనిషి ఎవరో ఇంటి దగ్గరే తేల్చుకోండి.

తల్లికి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పెద్దయ్యాక ఆటిజం ఉందేమో అనుకునేవాళ్లు కూడా ఈ నంబరుతో మొదలుపెట్టి సైకియాట్రీ విభాగానికి వెళ్లొచ్చు.

18 నిండితే

ఆ రోజు నుంచి చట్టప్రకారం తల్లిదండ్రులు సంరక్షకులు కారు. బిడ్డ తరఫున బ్యాంకు, ఆస్తి పనులకి సంరక్షకులు అవసరమైతే కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేయాలి. బిడ్డకి 17 ఏళ్లు రాగానే విభిన్న ప్రతిభావంతుల (దివ్యాంగుల) సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో కాగితాల జాబితా తీసుకోండి. తన నిర్ణయాలు తాను చేసుకోగలిగిన యువతకి సంరక్షకులు అక్కర్లేదు, ముందు వాళ్ల మాట వినండి.

ఏ పని ఆగిపోయినా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. అర్జీ ఒక్క పేజీ, అందులో ఒక్కటే కోరిక. సదరం, పింఛను, బడి మూడూ ఒకే అర్జీలో రాస్తే అది మూడు శాఖల మధ్య తిరుగుతూనే ఉంటుంది. సదరం నంబరు, ఆధార్ జిరాక్స్, ఇంతకుముందు వెళ్లిన తేదీలు జతచేయండి. రసీదు నంబరు లేకుండా అక్కణ్ణుంచి కదలొద్దు.