పాత మజిల్ కారును (పెద్ద ఇంజనున్న అమెరికన్ కారును) రోడ్డు మీద నడిపేవారికి: మూడో పాఠం – వెనక సస్పెన్షన్‌లో ఏది మార్చాలి?

గత రెండు పాఠాల్లో ముందు చక్రాల సంగతి చూశాం. ఇప్పుడు కారు వెనక్కి వెళ్దాం. ఉదాహరణకు 1967 నుంచి 1969 దాకా వచ్చిన మొదటి తరం షెవర్లే కమారోను తీసుకుంటున్నాను. దాని వెనక యాక్సిల్‌ను మోసేది మన లారీల కింద కనిపించే కమాన్ కట్టలే. ఆ కాలపు ఫోర్డ్ మస్టాంగ్‌కీ, ప్లిమత్ బారకుడాకీ ఇదే ఏర్పాటు కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం వాటికీ పనికొస్తుంది. షెవర్లేవాళ్లదే అయిన చెవెల్ కారుకు మాత్రం కాయిల్ స్ప్రింగులు, నాలుగు ఆర్మ్‌లు ఉంటాయి. దాని గురించి వచ్చే పాఠంలో చెబుతాను.

కేటలాగ్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకుని మీ కారు వెనక భాగంతో వస్తున్న ఇబ్బంది ఏమిటో రాసుకోండి. గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు దడదడమని ఎగురుతున్నాయా? మలుపులో యాక్సిల్ పక్కకు జరిగినట్టు అనిపిస్తోందా? ఇద్దరు వెనక కూర్చుంటే కారు కూలబడుతోందా? గుంటల్లో అడుగు తగులుతోందా? ఒక్కోదానికి మందు వేరు. ఇది తేల్చుకోకుండా పెద్ద కిట్ కొన్నవాళ్లు వేల డాలర్లు పోసి కూడా పాత ఇబ్బందితోనే తిరగడం చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు చక్రాలు ఎగరడం. అదెలా జరుగుతుందో అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే. యాక్సిలరేటర్ తొక్కగానే చక్రాలు ముందుకు తిరుగుతాయి. దానికి ప్రతిగా యాక్సిల్ హౌసింగ్ (యాక్సిల్‌ను కప్పి ఉంచే ఇనుప తొడుగు) వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ (ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్టు తిప్పే పళ్ల చక్రం) ఉన్న మూతి పైకి లేస్తుంది. హౌసింగ్‌ను కమాన్ పట్టీ పట్టుకుని ఉంది కదా, ఆ మెలికకు పట్టీ ఎస్ అక్షరంలా వంగుతుంది. ఒక హద్దు దాటాక టైరు పట్టు జారుతుంది, పట్టీ ఒక్కసారిగా విడుచుకుంటుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది, పట్టీ మళ్లీ వంగుతుంది. సెకనులో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. మీకు వినిపించే దడదడ అదే. యాక్సిల్ షాఫ్టులూ, యూనివర్సల్ జాయింట్లూ విరిగేది కూడా ఇందులోనే.

1967 కమారోలో ఈ జబ్బు మరీ ఎక్కువ. దానికి ఒక్కో పక్క ఒకే ఒక్క పట్టీ ఉండేది. పైగా రెండు షాక్ అబ్జార్బర్లూ యాక్సిల్‌కు ముందువైపే ఉండేవి. షెవర్లేవాళ్లు 1968లో ఒక షాక్‌ను యాక్సిల్ ముందుకీ, రెండోదాన్ని వెనక్కీ మార్చారు. అప్పుడు హౌసింగ్ ఎటు మెలితిరగబోయినా షాక్‌లు అడ్డుకుంటాయి. పవర్ ఎక్కువున్న మోడళ్లకు నాలుగైదు పట్టీల కట్ట కూడా ఇచ్చారు. అంటే ఏం చేయాలో దారి ఫ్యాక్టరీయే చూపించింది. అందుకే ఒంటి పట్టీ కారు ఉన్నవాళ్లకు నా మొదటి సలహా పట్టీల కట్టకు మారడమే. ఇందులో స్ప్రింగ్ ఒక్కటే కొంటే చాలదు. యాక్సిల్ కింది ప్లేట్లూ, రబ్బరు ప్యాడ్లూ కట్ట మందానికి సరిపడేవే ఉండాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు మీది ఒంటి పట్టీ కారని తప్పకుండా చెప్పండి.

కొత్త కట్ట వేశాక కూడా ఎగురుతోందంటే అప్పుడు ట్రాక్షన్ బార్‌ల వైపు చూడండి. పాతకాలం స్లాపర్ బార్ యాక్సిల్ కింద బిగుసుకుని ముందుకు సాగి ఉంటుంది. దాని కొసన ఉన్న రబ్బరు బిళ్ల పట్టీ ముందు కంటి (పట్టీ కొసను గుండ్రంగా చుట్టి బోల్టు దూర్చే చోటు) కిందకు రావాలి. హౌసింగ్ మెలితిరగబోగానే బిళ్ల పైకి తగిలి పట్టీ వంగకుండా ఆపుతుంది. బిళ్ల కంటికి రాకుండా పట్టీ మధ్యలో తగిలేట్టు ఉంటే, బార్ పని చేయకపోగా పట్టీని అక్కడ వంచేస్తుంది. చవకే గానీ నేల నుంచి ఎత్తు తగ్గుతుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర గీరుకుంటుంది. కాల్‌ట్రాక్స్ లాంటి బార్‌లు ముందు కంటి దగ్గర ఒక పివట్ బ్రాకెట్‌తో పని చేస్తాయి. హౌసింగ్ తిరగాలని చూసే బలాన్నే పట్టీని పైనుంచి నొక్కడానికి వాడుకుంటాయి. రోడ్డు కారుకు నా ఓటు వీటికే. ప్రీలోడ్ (బార్‌ను ముందే కొంత బిగించి ఉంచడం) మాత్రం అతి తక్కువగా పెట్టండి.

కారు కిందికి దిగితే బాగుంటుందని యాక్సిల్‌కూ పట్టీకీ మధ్య బ్లాక్ పెట్టేవాళ్లున్నారు. వద్దు. యాక్సిల్‌కూ పట్టీకీ దూరం పెరిగేకొద్దీ పట్టీని మెలితిప్పే బలం పెరుగుతుంది, ఎగరడం ఇంకా ఎక్కువవుతుంది. ఎత్తు తగ్గాలంటే వంపు తక్కువగా తయారుచేసిన కట్టే కొనండి.

మలుపుల్లో యాక్సిల్ పక్కకు జరగడానికి కారణం చాలాసార్లు అరిగిపోయిన బుష్‌లే (పట్టీ కంట్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు). కారును స్టాండ్ల మీద ఎక్కించి (జాకీని నమ్ముకుని కిందికి దూరకండి) ముందు కన్ను దగ్గర టార్చి వేసి చూడండి. రబ్బరు పగిలి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంటే దాని ఆయుష్షు తీరిపోయినట్టే. సన్న గడ్డపార పెట్టి కదిపితే కన్ను బ్రాకెట్‌లో పక్కకు ఆడుతుంది. పాలీయూరిథేన్ బుష్‌లు గట్టిగా పట్టుకుంటాయి గానీ గ్రీజు లేకపోతే కీచుమంటాయి, గతుకులన్నీ వీపుకు తెలుస్తాయి. కారు వాలినప్పుడు పట్టీ కొంచెం మెలితిరగడానికి కూడా వీలుండాలి. అందుకని ముందు కంటికి పాలీ, వెనక షాకిల్‌కు (పట్టీ వెనక కొసను ఫ్రేమ్‌కు కలిపే ఊగే లంకెకు) రబ్బరు వేయమంటాను. రోజూ నడిపే కారైతే రెండు చోట్లా కొత్త రబ్బరు వేసినా తప్పు లేదు. ఇవన్నీ అయ్యాక కూడా పక్క కదలిక మిగిలితేనే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టి ఉంచే అడ్డ కడ్డీ) గురించి ఆలోచించండి.

వెనక స్వే బార్ (మలుపులో కారు పక్కకు వాలకుండా ఆపే కడ్డీ) విషయంలో తొందర వద్దు. కమాన్ కట్టలు సొంతంగానే కారు వాలకుండా కొంత ఆపుతాయి. లావు బార్ వేస్తే తడి రోడ్డు మీద వెనక భాగం చటుక్కున జారుతుంది. ముందు బార్ మార్చి, నడిపి చూసి, అప్పుడు సన్నది ఎంచుకోండి.

కట్టలు తీసేసి ఫోర్ లింక్ (యాక్సిల్‌ను పట్టుకునే నాలుగు కడ్డీలు), కాయిలోవర్ల (కాయిల్ స్ప్రింగ్ చుట్టిన షాక్‌ల) కిట్‌కు మారడం మంచి పనే, ట్రాక్ మీద కూడా నడిపేవాళ్లకు. ఆదివారం షికారుకూ, అప్పుడప్పుడూ హైవేకూ తీసేవాళ్లకు మంచి కట్ట, మంచి షాక్‌లు, కొత్త బుష్‌లు చాలు. ఆ మిగిలిన డబ్బు బ్రేకులకు పెట్టండి. న్యూజెర్సీ లాంటి చోట చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అక్కడ పెరిగిన కారైతే ఏది కొనే ముందైనా వెనక ఫ్రేమ్ రెయిల్‌నూ, షాకిల్ తగిలే చోటునూ సుత్తితో మెల్లగా తట్టి చూడండి. తుప్పు పట్టిన రేకుకు ఎంత ఖరీదైన స్ప్రింగ్ బిగించినా దండగే.

బిగింపులో ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కన్ను బోల్టునూ, షాకిల్ బోల్టులనూ యాక్సిల్ వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. కంట్లో రబ్బరు బోల్టు చుట్టూ జారదు, మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే కారు కిందికి దిగాక ఆ రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడే ఉంటుంది, కారు ఎత్తుగా నిలబడుతుంది, బుష్ త్వరగా చిరుగుతుంది. చేత్తో తిప్పి వదిలేసి, బరువంతా చక్రాల మీదికి వచ్చాక, కారును నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించండి. వంద మైళ్లు తిరిగాక యాక్సిల్ కింది ప్లేట్ల నట్లు మళ్లీ చూడండి. కొత్త ప్యాడ్లు అణిగి అవి వదులవుతాయి.

ఈ వారం అభ్యాసం: చదునైన నేల మీద, సగం ట్యాంకు పెట్రోలుతో, రెండు వెనక ఫెండర్ల అంచు నుంచి చక్రం మధ్య వరకు ఎత్తు కొలిచి రాయండి. బంప్ రబ్బరు (యాక్సిల్ పైకి వచ్చి ఫ్రేమ్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు ముక్క) తగిలే చోట లోహం మెరుస్తోందా, దుమ్ము పట్టి ఉందా చూడండి. మెరుస్తుంటే మీ యాక్సిల్ తరచుగా అక్కడిదాకా వెళ్తోందని అర్థం. ఆ అంకెలూ, మీ ఇబ్బంది రాసుకున్న కాగితమూ దగ్గర పెట్టుకుంటే షాక్‌ల పాఠానికి పనికొస్తాయి.