లైబ్రరీ పుస్తకం ముట్టని పిల్లలు: లక్షణం, కారణం, పరిష్కారం

"వాడికి చదవడం మీద ఆసక్తి లేదండీ" అనే మాటను ప్రాథమిక పాఠశాలల్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా అన్నాను. ఆ మాట ఒకసారి అన్నాక ఇక వెతకవలసిన కారణమేదీ మిగలదు, లోపమంతా పిల్లవాడి స్వభావానిదే అయిపోతుంది. కానీ కథ చెబుతుంటే కదలకుండా కూర్చుని వినే పిల్లవాడే కథల పుస్తకం చేతికిస్తే రెండు పేజీలు తిప్పి పక్కన పెడుతున్నాడంటే, అతనికి కథ ఇష్టమేననీ, పేజీ మీద ఏదో అడ్డం వస్తోందనీ అర్థం. ఆ అడ్డం ఏమిటో కనిపెట్టే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు మొదటి నుంచి నేర్పే విధానం ఉపాధ్యాయులందరికీ తెలిసినదే కాబట్టి, పిల్లలు ఆగిపోయే చోట్ల తప్ప దాని జోలికి వెళ్ళడం లేదు.

లక్షణం: బడిలో పుస్తకాలు ఉన్నాయి, ఎవరూ తీసుకోవడం లేదు

ముందు బీరువాకు తాళం ఉందేమో చూడండి. ఇది ఎంతో మామూలు విషయం, కనుకనే ఎవరూ చూడరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో మొదలైన 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' వంటి కార్యక్రమాలు చదవడానికి బడి సమయంలో చోటు కల్పించాయి. ఆ సమయంలో పుస్తకం పిల్లల చేతుల్లోకి వచ్చిందా లేదా అన్నది చూసుకోవలసినది మాత్రం తరగతి ఉపాధ్యాయులే. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరుకు ఎవరు జవాబు చెప్పాలన్న భయమే చాలాచోట్ల ఆ తాళానికి కారణం. చిరిగినవి, పోయినవి ఎన్నో ఏడాదికొకసారి లెక్క తీసి, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానంగా రాయించుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. పుస్తకాలను గోడ పొడవునా కట్టిన తాడు మీద, పిల్లల చేతికి అందే ఎత్తులో, ముఖచిత్రాలు కనబడేలా వేలాడదీయండి. ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరును 4, 5 తరగతుల పిల్లలకు అప్పగించండి. వాళ్ళు మనకన్నా శ్రద్ధగా రాస్తారు.

రెండవది, ఆ పుస్తకాలు ఏ వయసు పిల్లల కోసం రాసినవో చూడండి. దానంగా వచ్చిన పుస్తకాలలో ఎక్కువ భాగం ఉన్నత పాఠశాల పిల్లలకు సరిపోయేవి. 1, 2 తరగతులకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మ ఉన్న పుస్తకాలు కావాలి. 'మంచి పుస్తకం', ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ సంస్థల ప్రచురణలలో ఇటువంటివి తెలుగులో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో స్థాయిల వారీగా ఉన్న తెలుగు కథలను ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఎంచేటప్పుడు వాక్యం పొడవుతో పాటు పదం పొడవు కూడా చూడాలి. తెలుగులో 'వెళ్ళిపోతున్నారట' అన్నది ఒకే పదం. అప్పుడప్పుడే మూడక్షరాల పదాలు చదవడం నేర్చిన పిల్లవాడికి అదొక కొండ.

లక్షణం: పాఠం గడగడా చదువుతాడు, కథల పుస్తకం మాత్రం ముట్టుకోడు

నన్ను మోసం చేసిన లక్షణం ఇదే కనుక దీని గురించి వివరంగా రాస్తాను.

ఈ పిల్లవాడు తరగతిలో వెనుకబడినట్లు కనిపించడు. పాఠ్యపుస్తకంలో ఏ పాఠం తీయమన్నా తీస్తాడు, పదాల కింద వేలు పెడతాడు, తడబడకుండా చదువుతాడు, ప్రశ్నలకు జవాబులు చెబుతాడు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు మనం లేపేది కూడా అతన్నే. లైబ్రరీ గంటలో మాత్రం బొమ్మలు చూసి పుస్తకం మూసేస్తాడు, లేదా పక్కవాడితో మాట్లాడుతూ కూర్చుంటాడు. చదవడం వచ్చి కూడా చదవడం లేదు కాబట్టి ఆసక్తి లేదని మనం తేల్చేస్తాం.

అసలు కారణం ఏమిటంటే, అతనికి చదవడం రాదు. పాఠం కంఠతా వచ్చు.

ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినప్పుడు మూడో తరగతి అమ్మాయి ఒకతె నాకు ఈ సంగతి నేర్పింది. ఆమె చదువుతుంటే ఇతర పిల్లలకు ఆదర్శంగా చూపించేదాన్ని. ఒకరోజు పాఠ్యపుస్తకం తేవడం మరిచిపోయిందని, పాఠంలోని పదాలతోనే నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి చదవమన్నాను. చాలాసేపు ఆ కాగితాన్ని చూసి, "టీచర్, ఇది మా పుస్తకంలో లేదు కదా" అంది. అప్పటికి ఆమె నా దగ్గర రెండేళ్ళకు పైగా చదువుతోంది. అయిదు తరగతులూ ఒకే గదిలో కూర్చునే బడిలో మూడో తరగతి పాఠాలను ఆమె ఒకటో తరగతి నుంచే రోజూ వింటోందన్న ఆలోచన నాకు అంతవరకు రాలేదు. తన వంతు వచ్చేసరికి పాఠాలన్నీ ఆమె నోటికి వచ్చేసి ఉన్నాయి. అక్షరాలతో ఆమెకు పని పడనేలేదు. ఆ రెండేళ్ళ కాలం ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఏకోపాధ్యాయ బడులలోనే ఇలా జరుగుతుందని అనుకోకండి. ఉపాధ్యాయుడు ఒక పంక్తి చదివితే తరగతి అంతా ఒక్క గొంతుతో తిరిగి చెప్పే ప్రతిచోటా, అన్నయ్య పుస్తకం ఇంట్లో ఉన్న ప్రతిచోటా, సాయంత్రం ట్యూషన్‌లో అదే పాఠాన్ని పదిసార్లు చెప్పించే ప్రతిచోటా జరుగుతుంది. జ్ఞాపకశక్తి బాగా ఉన్న పిల్లలలోనే ఇది ఎక్కువగా కనబడుతుంది, అందుకే ఇంతకాలం దాగి ఉంటుంది. గుణింతం విషయమూ అంతే. 'క కా కి కీ' అని పాటలా అప్పజెప్పగలిగిన పిల్లవాడికి 'కీ' ఒక్కటే చూపిస్తే, లోలోపల 'క' నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. అతని పెదవులు గమనించండి.

పరీక్షించడానికి అయిదు నిమిషాలు చాలు. పాఠంలో 'చెరువులో కప్ప ఉంది. గట్టు మీద కొంగ ఉంది.' అని ఉంటే, చీటీ మీద 'గట్టు మీద కప్ప ఉంది. చెరువులో కొంగ ఉంది.' అని రాసి ఇవ్వండి. కంఠతా పట్టిన పిల్లవాడు చీటీ చూస్తూనే పాఠంలోని వాక్యాన్ని చెబుతాడు. తరువాత పాఠ్యపుస్తకంలోనే, బొమ్మను చేత్తో కప్పి, పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి. అతను పంక్తి మొదటికి వెళ్ళి, అక్కడి నుంచి మనసులో చెప్పుకుంటూ ఆ పదం దాకా వస్తే సంగతి తేలిపోయినట్లే. వేలు ఒక పదం మీద, నోరు మరో పదం మీద ఉండడం ఇంకొక గుర్తు. ఈ పరీక్షను ఒక్కొక్కరినే విడిగా పిలిచి చేయాలి. పక్కన ఇంకొక పిల్లవాడు ఉంటే వాడి పెదవులను చూసి చెప్పేస్తారు.

కొలతలు నిర్ణయించినవారికి ఈ ప్రమాదం తెలుసు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'నిపుణ్ భారత్' లక్ష్యాలలో 2వ తరగతి చివరకు నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 3వ తరగతి చివరకు కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఆ లక్ష్యాలలోనే 'తెలియని పాఠ్యం' అన్న మాట కూడా ఉంది. మనం అంకెను గోడ మీద రాసుకుని ఆ మాటను వదిలేస్తున్నాం. గ్రామీణ పిల్లల చదువును కొలవడానికి 2005 నుంచి జరుగుతున్న ఏసర్ సర్వేలో కూడా అక్షరాలు, పదాలు, 1వ తరగతి స్థాయి పేరా, 2వ తరగతి స్థాయి కథ అంటూ విడిగా తయారు చేసుకున్న పత్రాన్ని పిల్లల చేత చదివిస్తారు. మన పిల్లలు బడిలో చదివి, సర్వేలో చదవలేకపోయారని తెలిసినప్పుడు సర్వేను అనుమానించే ముందు మన చీటీ పరీక్ష చేసి చూడండి.

ఇక పరిష్కారం. ఆ పిల్లవాడి వరకు చదివించే పనికి పాఠ్యపుస్తకాన్ని కొన్ని వారాలు మూసేయండి. ఇది కష్టమైన నిర్ణయమే, సిలబస్ వెనకబడుతుందన్న ఆందోళన కలుగుతుంది, అయినా తప్పదు. తరగతితో పాటు పాఠం వింటాడు, మాట్లాడతాడు, చదవడం మాత్రం వేరే కాగితం మీద నేర్చుకుంటాడు. మొదటి రోజు అక్షరాలను వరుస తప్పించి చూపి, ఏవి వచ్చో ఏవి రావో రాసుకోండి. అన్నీ రాకపోవడమన్నది అరుదు. సాధారణంగా కొన్ని అక్షరాలు, రెండు మూడు గుణింతపు గుర్తులు, చాలా ఒత్తులు తెలియవు. వచ్చిన అక్షరాలతోనే మొదలుపెట్టండి. ప, ల, క, త, గ, డ వస్తే చాలు, పలక, కలప, గడప, పడగ, తలగడ చదివించవచ్చు. దీర్ఘం చేరిస్తే తాత, పాప, పాక వస్తాయి. గుడి చేరిస్తే పిలక, గిలక, కాకి వస్తాయి. రోజుకు ఒక కొత్త గుర్తు చాలు.

రెండో వారం నుంచి పిల్లవాడు చెప్పిన మాటనే రాసి చదివించండి. 'నిన్న మా మేక పారిపోయింది' అని అతను చెబితే, అదే వాక్యం రాయండి. తన మాట కాగితం మీద కనబడటం చూసిన పిల్లవాడి ముఖం మీరే చూడాలి. అయితే ఇక్కడే మళ్ళీ మోసపోతాం, ఎందుకంటే తాను చెప్పిన వాక్యం అతనికి ముందే నోటికి వచ్చు. కాబట్టి మరునాడు ఆ వాక్యాన్ని పదాలుగా కత్తిరించి, కలిపి, మరో విధంగా పేర్చి ఇవ్వాలి. ఏ చీటీనైనా రెండోసారి 'చదివాడు' అని లెక్క వేసుకోకూడదు.

రోజుకు ఇరవై నిమిషాల చొప్పున నాకు ఒక్కొక్క పిల్లవాడితో సుమారు రెండు నెలలు పట్టేది. ఆ తరువాతనే కథల పుస్తకం చేతికిచ్చేదాన్ని, అదీ అతని స్థాయికన్నా తేలికైనది. ఎవరూ చెప్పించకుండా, ఎన్నడూ వినని కథను మొదటి నుంచి చివరిదాకా తానే చదివేసిన రోజున ఆ పిల్లవాడు రెండో పుస్తకం కోసం మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. నేను చూసినంతవరకు మనం ఆసక్తి అని పిలిచేది ఆ రోజున పుడుతుంది.

లక్షణం: తెలియనిదైనా చదువుతాడు, కానీ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటాడు

'కకు గుడిస్తే కి' అని నేర్పిన అలవాటు పోలేదని అర్థం. నేర్చుకునేటప్పుడు అది ఊతకర్ర, చదివేటప్పుడు కాలికి అడ్డం. గుణింతాన్ని అడ్డంగా అప్పజెప్పించడం మాని నిలువుగా చదివించండి: కి, గి, తి, ది, పి. ఒకే గుర్తు వేరువేరు అక్షరాల మీద కనబడితే దాన్ని చూపుతోనే పట్టుకుంటారు. ఆకారం మారే చోట్లు మాత్రం విడిగా చూపాలి: పు, వు లలో కొమ్ము, హా లో దీర్ఘం, మొ, యొ లలో ఒత్వం, మి, యి లలో గుడి. చాలామంది పిల్లలు ఆగిపోయేది సరిగ్గా వీటి దగ్గరే, మనమేమో వేగం లేదని మొత్తం గుణింతాన్ని మళ్ళీ మొదటి నుంచి రాయిస్తాం.

లక్షణం: ఒత్తు కనబడగానే వదిలేస్తాడు

త, న, మ, య, ర, ల ఒత్తులు మూల అక్షరాల్లా ఉండవు. వీటిని ఇతర ఒత్తుల నుంచి వేరుచేసి ముందు నేర్పండి. గుడి–గుడ్డి, చెలి–చెల్లి, కను–కన్ను వంటి జంటలను పక్కపక్కన చదివిస్తే ఒత్తు వదిలితే అర్థమే మారిపోతుందని వాళ్ళకే తెలుస్తుంది.

లక్షణం: స్పష్టంగా చదువుతాడు, ఏం చదివాడో చెప్పలేడు

ఇంట్లో మాట్లాడే భాష ఏమిటో అడగండి. సవర, కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు పుస్తకంలోని తెలుగు రెండో భాష. తెలుగు ఇళ్ళ పిల్లలకు కూడా పుస్తకపు మాట, ఇంటి మాట ఒకటి కాకపోవచ్చు. చదివించే ముందు కథను మీరు నోటితో చెప్పండి, వాళ్ళ భాషలో జవాబు చెప్పనివ్వండి.

లక్షణం: మొదట చదివేవాడు, ఇప్పుడు మానేశాడు

పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు మీరేం అడుగుతున్నారో గుర్తు చేసుకోండి. కథ సారాంశం రాయమనో, నీతి ఏమిటో చెప్పమనో అడుగుతూ ఉంటే ప్రతి పుస్తకం ఒక పరీక్ష అవుతుంది. 'ఏ బొమ్మ బాగుంది?' అని అడగండి, లేదా ఏమీ అడగకండి. నచ్చని పుస్తకాన్ని సగంలో మానేసి ఇంకొకటి తీసుకునే హక్కు ఇవ్వండి. రోజూ మధ్యాహ్న భోజనం తరువాత పది నిమిషాలు మీరే ఒక పుస్తకం పైకి చదవండి. మీరు చదివి బల్ల మీద పెట్టిన పుస్తకం కోసమే పిల్లలు ముందు ఎగబడతారు.

అరుదైన కారణాలు

చూపు, వినికిడి, పఠన వైకల్యం. ఇవి ఉంటాయి, కానీ పైవన్నీ చూడకముందే వీటిని ఊహించి పిల్లవాడికి పేరు పెట్టకండి. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంటున్నా, నల్లబల్ల మీదివి పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటున్నా తల్లిదండ్రులతో మాట్లాడి కంటి వైద్యుని దగ్గరకు పంపండి. పిలిచినా పలకకపోతే చెవులు చూపించాలి. అన్నీ సరిగా ఉండి, నెలల తరబడి విడిగా నేర్పినా మార్పు లేకపోతే అప్పుడు నిపుణుల సలహా తీసుకోవాలి. కళ్ళజోడు వచ్చేదాకా పిల్లవాణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టి, వచ్చిన తరువాత చీటీ పరీక్షను కొత్త వాక్యాలతో మళ్ళీ మొదటి నుంచి చేయండి.