వాగు మారేముందు బూట్లు కడగండి: కప్పల ఫంగస్‌కి అడ్డుకట్ట

విశాఖలోని కంబాలకొండ వాగులో కప్పలు చూసి, అవే బూట్లతో అరకు వెళ్తున్నారా? కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్ తడి బురదతో కూడా ప్రయాణిస్తుంది. కప్ప చర్మంలోని కెరటిన్‌ మీద పెరిగి, చర్మం గుండా జరిగే లవణాల రాకపోకల్ని దెబ్బతీస్తుంది; చివరికి గుండె ఆగిపోతుంది. దీనికి 17–25 డిగ్రీలు బాగా అనువు, కాబట్టి నగరం ఎండకన్నా కొండల చల్లదనం దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ముందు సోల్ గాడుల్లో ఇరుక్కున్న మట్టి, ఆకు ముక్కలు పుల్లతో తీసి, బ్రష్‌తో రుద్దండి. ఈ పనిలో తొందర వద్దు. మట్టి మిగిలితే బ్లీచ్ శక్తి దానికే ఖర్చయిపోయి ఫంగస్ బతికిపోతుంది. తర్వాత 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న లిక్విడ్ బ్లీచ్ 250 మి.లీ. లీటరు నీళ్లలో కలిపి, బూట్లు 5 నిమిషాలు తడిసేలా ఉంచండి. కుళాయి నీళ్లతో కడిగి, లోపలి అట్ట కూడా పొడిబారేదాకా ఎండబెట్టండి. పూర్తిగా ఆరితే ఈ ఫంగస్ బతకదు.

బ్లీచ్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, జాగ్రత్త. మిగిలింది వాగు దగ్గర అస్సలు పారబోయొద్దు, కప్పపిల్లలు చస్తాయి. వలలకైతే 60 డిగ్రీల వేడినీళ్లు, 5 నిమిషాలు. కప్పని పట్టుకోవాల్సి వస్తే ప్రతి కప్పకీ కొత్త గ్లవ్స్.