పావురాలకి కాదు, పిచ్చుకలకే: పిల్లలతో వరి కుచ్చు, కొబ్బరి చిప్ప గిన్నె

బాల్కనీలో పళ్ళెం నిండా గింజలు పోసి పెడితే వచ్చేది పిచ్చుకలు కాదు, పావురాలు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఆ రెట్టల సంగతీ, కింది ఫ్లాట్ వాళ్ళతో అయ్యే గొడవ సంగతీ నేను చెప్పక్కర్లేదు. అందుకే ట్రే లాంటి ఫీడర్లు కొనకండి. కోనసీమ వైపు ఇళ్ళ చూరుకీ, గుళ్ళలోనూ కట్టే వరి కంకుల కుచ్చు చాలు. పిచ్చుక కంకిని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కూడా తినేస్తుంది, పావురానికేమో దాని మీద నిలబడే చోటే ఉండదు.

కోతలప్పుడు, అంటే నవంబర్, డిసెంబర్ నెలల్లో, ఊళ్ళో తెలిసినవాళ్ళని అడిగి జానెడు కాడ ఉండేలా కంకులు కోయించుకోండి. విత్తనం కోసం మందు పట్టించిన ధాన్యం మాత్రం ఒక్క గింజ కూడా వాడకూడదు, అది పిట్టలకి విషం. ఎండిన కాడలు వంచగానే పుటుక్కుమంటాయి కాబట్టి నీళ్ళు చల్లి, తడి తువ్వాల్లో కాసేపు చుట్టి ఉంచాలి. తర్వాత ఏడెనిమిది కంకులు గుప్పిట్లోకి తీసుకుని, గింజలు కిందికి వేలాడేలా, కాడల్ని పురికొసతో తాడు చివర గట్టిగా కట్టండి. దానికి కాస్త పైన ఇంకో గుప్పెడు, మొదటి ముడి కనపడకుండా దీని కంకులు కప్పేయాలి, అలా పైపైకి కట్టుకుంటూ పోవడమే. కంకులు లెక్కపెట్టి అందించడం, ముడి మీద వేలు పెట్టి పట్టుకోవడం ఐదేళ్ళ పిల్లలు కూడా చేస్తారు. వంకర వస్తే రానివ్వండి. వరి దొరక్కపోతే సజ్జ కంకులు, జొన్న కంకులైనా సరే.

కొబ్బరి చిప్పలో కళ్ళున్న సగం తీసుకోండి. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది కదా, పిల్లలు దాన్ని పుల్లతో పొడిస్తే చిల్లు పడుతుంది, వాన నీళ్ళు నిలవకుండా అటునుంచి పోతాయి. అంచు దగ్గర మూడు చిల్లులు పెద్దవాళ్ళే కాల్చిన మేకుతో పెట్టి, కొబ్బరి తాడుతో వేలాడదీయాలి. కొర్రలు, సజ్జలు, నూకలు ఒక్క గుప్పెడే వేయండి, ఎక్కువ పోస్తే తడిసి బూజు పడుతుంది.

పిట్టలకి పెట్టమని విదేశీ వీడియోల్లో చూపించే కొవ్వు ఉండలు మన ఎండకి కరిగి కారిపోతాయి. దానికి బదులు ఉప్పు వేయకుండా రాగి పిండిని గట్టి ముద్దగా ఉడికించి, చల్లారాక గింజలు ఒలిచేసిన మొక్కజొన్న బెండుకి పట్టించి, నూకల్లో, కొర్రల్లో దొర్లించి ఎండబెట్టండి. ఇల్లంతా రాగి పిండి అవుతుంది, ముందే పాత పేపర్లు పరుచుకోండి. బెండుని రెండు రోజుల్లో తీసేయాలి. గోరింకలకీ, పిగిలిపిట్టలకీ జామ, బొప్పాయి ముక్కలు పుల్లకి గుచ్చి పెడితే ఇష్టంగా తింటాయి. చిప్స్, మిక్చరు, బ్రెడ్డు వద్దు. పాలపిట్ట వస్తుందా అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు, అది తినేది పురుగుల్ని, మన గింజల కోసం రాదు. నిజానికి పిచ్చుకలు కూడా తమ పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులే, కాబట్టి కుండీల్లో మొక్కలకి మందులు కొట్టడం మానేయండి.

నీళ్ళకి వెడల్పాటి మట్టి మూకుడు, అంగుళం లోతు, మధ్యలో నిలబడటానికి ఒక రాయి. రోజూ పారబోసి తోమాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఈ పని పిల్లలకే అప్పజెప్పండి, అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

కుచ్చు కట్టే చోటు నీడలో ఉండాలి, పిల్లి అందుకోలేనంత ఎత్తులో, దగ్గర్లో ఏదో ఒక చెట్టో పొదో ఉంటే ఇంకా మంచిది. కట్టిన మర్నాడే రాలేదని పిల్లలు డీలా పడతారు, కొత్త వస్తువుకి అలవాటు పడటానికి పిట్టలకి రోజులు పడుతుంది. రెండు మూడు వారాలైనా ఒక్కటీ వాలకపోతే ఇంకో కిటికీకి మార్చి చూడండి.