రంది ఎక్కువైనప్పుడు మనసును చూసుకునే అలవాటు ఎలా చేసుకోవాలి?

మా నల్లగొండ వైపు బాధకూ, భయానికీ, బెంగకూ కలిపి ఒకటే మాట: రంది. "ఏం రంది పెట్టుకున్నవ్ బిడ్డా, మొకం గట్ల గుంజుకపోయింది?" అని పక్కింటి అవ్వ అడిగేదాకా నాకేదో అయిందని నాకే తెలియలేదు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఆ ఏడాది ఊళ్లో మా బత్తాయి తోటలో బోరు ఎండిపోయింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, పడుకునే వడ్డీ లెక్కలు వేసేదాన్ని. తెల్లారితే పిల్లల మీద అరుపులు.

అప్పు వెంటనే తీరలేదు. కానీ రోజులో కొంత సేపు మనసు కోసం తీసిపెట్టుకున్నాక నిద్ర పట్టింది. ఏమేం చేశానో వరుసగా చెబుతాను.

ముందు ఒక వారం గమనించండి

ఏమీ మార్చొద్దు. రంది ఏ వేళకు వస్తోంది, దానికి ముందు ఏం జరిగింది అన్నది ఒక్క ముక్క రాసి పెట్టుకోండి. నేను బట్టల కొలతలు రాసే పుస్తకంలో వెనక పేజీలు వాడాను. ఫోన్ చూస్తూ పడుకున్న రాత్రులూ, మధ్యాహ్నం తినకుండా కుట్టిన రోజులూ నాకు బాగా చెడ్డవని అందులోనే తేలింది.

రోజూ చేసే పనికి తగిలించండి

"రేపటి నుంచి ఐదింటికి లేస్తా" అనుకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది. ఎలాగూ చేసే పని ఒకటి ఎంచుకోండి. నాది పొద్దున టీ. గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్లు మరిగేదాకా అక్కడే నిలబడతాను. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదులుతాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. మొదట్లో మూడోసారికే ధ్యాస కరెంటు బిల్లు మీదకు పోయేది. పోనివ్వండి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. గిన్నె అడుగున చిన్న బుడగలు లేచి, అంచుల దగ్గర నీళ్లు కదిలేసరికి నా భుజాలు కిందికి దిగినట్టు ఉంటుంది.

సాయంత్రం ఐదు దాటాక మాత్రం టీ తాగను. అందులోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

నడవండి, మాట్లాడండి

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి ఒంటి కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు రోజులు అరగంట చొప్పున సరిపోతుంది. వీలైతే పానగల్ చెరువు కట్ట మీద, లేకపోతే మా వీధిలోనే నడుస్తాను. ఎండాకాలం పొద్దున ఏడు గంటల లోపే ముగించాలి.

మనిషి తోడు ఇంకా ముఖ్యం. బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్లు కొడుతూ తిరిగి ఇంటికొస్తే మనసు ఎంత తేలికవుతుందో మన ఆడవాళ్లకు వేరే చెప్పాలా? మిగతా ఏడాది కూడా ఆ తోడు కావాలి. పాలమూరు వైపు ముంబై, పుణెకు పనికి పోయిన వాళ్లున్న ఇళ్లలో ఫోన్‌కు ఒక వేళ పెట్టుకోండి. పైసల సంగతి తర్వాత, ముందు "తిన్నవా, పన్నవా" అని అడగండి.

రందికి ఒక వేళ పెట్టండి

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. చీకటి పడకముందు పావుగంట కూర్చుని, తలలో తిరిగేదంతా రాయండి. పేజీ మధ్యలో గీత గీయండి. ఒక పక్క మన చేతిలో లేనివి: వాన, బత్తాయి రేటు. రెండో పక్క మనం చేయగలిగినవి: బ్యాంకుకు పోయి గడువు అడగడం, కుట్టు పైసలు రావలసిన వాళ్లకు ఫోన్ చేయడం. రెండో పక్క నుంచి ఒక్కటి రేపటికి తీసుకోండి. రాత్రి మెలకువ వస్తే "అది పుస్తకంలో ఉంది, రేపు సాయంత్రం చూస్తా" అనుకుంటాను. ఫోన్ వేరే గదిలో పెడతాను.

జ్వరం వచ్చిన రోజు, ఇంటికి చుట్టాలొచ్చిన రోజు ఇవన్నీ కుదరవు. ఆ రోజు ఐదు ఊపిర్లు చాలు. మానేసిన రోజుల లెక్క పెట్టకండి.

ఇవి చాలనప్పుడు

రెండు వారాలకు పైగా రోజూ దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, తిండి చెడిపోవడం ఉంటే డాక్టరును కలవాలి. షుగరుకు మందులు వేసుకున్నట్టే ఇదీ. చావాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే పక్కనున్న మనిషికి చెప్పండి. ఇంట్లో పురుగుల మందు ఉంటే దాన్ని బయటికి పంపేయండి, లేదా తాళం వేసి తాళంచెవి వేరే వాళ్లకు ఇవ్వండి. ఆ ఘడియ దాటితే చాలామంది బతుకుతారు.

మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి ఉంది, ప్రభుత్వానిది, పైసలు పడవు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మా ఇంట్లో ఆ నంబరును పిల్లలకు కూడా కనబడేలా కరెంటు మీటరు పక్కన గోడ మీద పెద్దగా రాసి పెట్టాను.