ఒకే పొలంపై మళ్లీ మళ్లీ దావా వేస్తుంటే

కర్నూలు కోర్టులో ఓడిన వాది అదే పొలంపై మళ్లీ దావా వేస్తే, ప్రతివాదిగా మీరు ముందుగా పాత తీర్పు, డిక్రీల (తీర్పు ఫలితాన్ని చెప్పే ఉత్తర్వుల) సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, రెండు దావాల షెడ్యూళ్లను (పొలం వివరాల పట్టికలను) పక్కపక్కన పెట్టి చూడండి. తూర్పు హద్దు పేరు మారినా సర్వే నంబరు అదే కావచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ ప్రకారం, అవే పక్షాల మధ్య తుదిగా తేలిన అంశాన్ని కోర్టు తిరిగి విచారించదు. ఈ అభ్యంతరాన్ని జవాబు దావాలోనే (కోర్టుకు మీరిచ్చే రాతపూర్వక జవాబులో) స్పష్టంగా రాయించాలి. అదే కోడ్ 7వ ఆర్డరు 11వ రూలు కింద దావాను ఆదిలోనే తిరస్కరించమని కోరవచ్చు గానీ, అక్కడ కోర్టు చూసేది వాది ప్లెయింటును (దావా పత్రాన్ని), దాని జత పత్రాలనే తప్ప మీ జవాబును కాదు. తప్పుడు లేదా వేధింపు దావా వేసినందుకు కోడ్ 35ఏ సెక్షన్ కింద మామూలు దావాల్లో ఇప్పించే పరిహారం రూ.3,000 దాటదు; అది వకీలు ఫీజుకే చాలదు. అలవాటుగా వేధించేవారిపై 1949 నాటి మద్రాసు చట్టం ఉంది. అడ్వకేట్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) దరఖాస్తుపై హైకోర్టు ఉత్తర్వు ఇస్తే, ఆ వ్యక్తి ముందుగా అనుమతి పొందకుండా కొత్త దావా వేయలేడు.